ఇసుక మీద పులిజూదం

భోగి మంట చల్లారి ఇంకా వారం కాలేదు. బాల్కనీలో ఆరబెట్టిన చెప్పుల్లోంచి ఇప్పటికీ ఇసుక రాలుతూనే ఉంది. ఈలోగా రాసిపెట్టుకోకపోతే ఏ రోజు ఎక్కడ ఏం తిన్నామో, ఎవరు ఎవరిని ఓడించారో అంతా కలగలిసిపోతుందన్న భయంతో కూర్చున్నాను. సంక్రాంతి సెలవుల్లో జనవరి 9 నుంచి 13 వరకు బాపట్ల, చీరాల తీరంలో గడిపాము. మొత్తం అయిదుగురం: నేను, మా వారు, పదేళ్ళ పెద్దాడు, ఏడేళ్ళ చిన్నది, అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ. అమ్మ పుట్టిల్లు బాపట్ల దగ్గర ఒక పల్లె. సముద్రానికి అంత చేరువలో పుట్టి కూడా, పెళ్ళయ్యేదాకా కార్తిక పౌర్ణమి స్నానానికి తప్ప ఆవిడను ఎవరూ ఆ ఒడ్డుకు తీసుకువెళ్ళలేదట.

బయలుదేరే ముందు, పిల్లలకు నేర్పవలసిన ఆటల జాబితా ఒకటి కాగితం మీద రాసుకున్నాను. పదకొండు ఆటలు వచ్చాయి. వాటిలో తొమ్మిది నాకే సరిగా రావని అక్కడికి వెళ్ళాక తేలింది. పేర్లు గుర్తున్నాయి గాని, ఎవరు ముందు, ఎన్ని గింజలు, ఎప్పుడు ఓడినట్టు అన్న సంగతులు ఒక్కటీ గుర్తు లేవు.

జనవరి 9, సూర్యలంక

బాపట్ల నుంచి సూర్యలంకకు తొమ్మిది కిలోమీటర్లు. ఆటో అతను మూడు వందలు అడిగాడు. "మాదీ ఈ పక్క ఊరేలే అబ్బాయ్, కాస్త చూసి చెప్పు" అని అమ్మ అనగానే రెండు వందల యాభైకి దిగి, దారి పొడవునా ఆవిడ ఇంటిపేరు, చుట్టాల ఊళ్ళు ఆరా తీసి, చివరికి తన మేనత్త తోటికోడలు అమ్మ వాళ్ళ వీధి ఆడపడుచే అని తేల్చాడు. అంత బంధుత్వం కలిసినా ఇంకో పది రూపాయలు తగ్గలేదు.

దారిలో ఒక మలుపు దగ్గర తాటాకు పందిరి కింద తాటి తేగలు అమ్ముతున్నారు. తంపటి వేసిన తేగలు, పది కట్టిన కట్ట యాభై రూపాయలు. హైదరాబాదులో పుట్టిన మా పిల్లలు తేగను ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు, కనుక పెద్దాడు దానిని మొక్కజొన్న కండెలాగా నేరుగా కొరికి, నోట్లో పీచు పడగానే ఊసేశాడు. అమ్మ ఒకటి తీసుకుని పై పొట్టు ఒలిచి, మొన దగ్గర రెండు బొటనవేళ్ళ గోళ్ళు గుచ్చి నిలువునా చీల్చింది. తేగ రెండు చెక్కలై విడిపోగానే మధ్యలో లేత పసుపు రంగులో సన్నటి మొలక బయటపడింది. దానిని చందమామ అంటారు. తేగంతటికీ తియ్యగా ఉండేది అదొక్కటే, పైగా తేగకు ఒక్కటే ఉంటుంది. ఇద్దరు పిల్లలు, ఒక చందమామ! గొడవ మొదలయ్యేలోపే అమ్మ ఒక నియమం పెట్టింది: ఎవరు చీలిస్తే చందమామ అవతలివారికి. పిల్లలు కాసేపు ఆలోచించి, ఎదుటివాడే ముందు చీల్చాలని ఎవరికి వారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆటో ఒడ్డుకు చేరే వేళకు ఒక్క తేగ కూడా అవ్వలేదు. ప్రయాణంలో మొదటి ఆట అదే, గెలిచినవారు లేరు.

సాయంత్రం ఒడ్డు నిండా జనం. గుర్రం మీద ఒక చుట్టు వంద రూపాయలు, కాల్చిన కండె ముప్పై, కొబ్బరిబొండం యాభై. మోకాలి లోతు దాటి ఎవరు లోపలికి వెళ్ళినా పోలీసులు ఈల వేసి వెనక్కి పిలుస్తున్నారు. చూడటానికి ఎంత మందకొడిగా కనిపించినా ఈ తీరంలో మునిగిపోయినవారు తక్కువేమీ కాదు, అందువల్ల ఆ ఈల విసుగ్గా ఉన్నా నాకు ధైర్యంగానే అనిపించింది. అక్కడే ఒక దుకాణంలో ప్లాస్టిక్ బకెట్టు, పార, కోట అచ్చులు ఉన్న వల సంచీ నూట ఎనభై పెట్టి కొన్నాను. తడి ఇసుక నింపి బోర్లించగానే బకెట్టు అడుగు ఊడి వచ్చింది. కొనవద్దని మా వారు ముందే అన్న సంగతిని ఆయన ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. అంతకన్నా ఆ మాట అనేసినా బాగుండేది.

బకెట్టు పోయిన దుఃఖంలో పిల్లలుండగా, అమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, అలల గీతకు పైన కూర్చుని, ఎడమ పాదం ఇసుకలో పెట్టి దాని మీద గుప్పెడు గుప్పెడుగా ఇసుక పోయడం మొదలుపెట్టింది. పిచ్చుక గూడు. చీలమండ వరకు పోసి, అరచేయి గిన్నెలా ఒంచి నిదానంగా తట్టింది. తట్టే చప్పుడు మొదట పొడిపొడిగా ఉండి, ఇసుక బిగిసిన కొద్దీ మద్దెల మీద కొట్టినట్టు మెత్తగా మారింది. ఆ చప్పుడు మారాకే కాలు తీయాలట. వేళ్ళు ముడవకుండా, మడమ ఒక్కటీ అటూ ఇటూ కొద్దిగా కదిలించి, పాదాన్ని తిన్నగా వెనక్కి లాగింది. లోపల చీకటి గుహ మిగిలింది, గూడు మీద ఆవిడ అయిదు వేళ్ళ ముద్రలు మిగిలాయి.

పెద్దాడి గూడు మూడుసార్లు కూలింది. వాడు పొడి ఇసుకలో కడుతున్నాడని నేను అన్నాను, వాడు అలకు మరీ దగ్గరగా జరిగాడు, అక్కడ నీరు ఊరి మళ్ళీ కూలింది. తడి ఆరకుండా, నీరు ఊరకుండా ఉండే ఇసుక ఒడ్డు మీద రెండు మూడు బారల వెడల్పున మాత్రమే ఉంటుంది, అదీ ఆటుపోట్లను బట్టి జరుగుతూ ఉంటుంది. చిన్నది ఆ పట్టీని ఎలా కనిపెట్టిందో గాని, కాలు చిన్నది కావడం కూడా కలిసివచ్చి, మొదటిసారికే నిలబెట్టింది. అన్నగారు వెంటనే ఆ ఆట ఆడపిల్లలదని ప్రకటించాడు. "నీ కాలు పెద్దదిరా, గూడు కట్టడానికి ఓపిక కూడా అంతే పెద్దది కావాలి" అంది అమ్మ.

జనవరి 10, సూర్యలంక

తెల్లవారక ముందే ఒడ్డుకు వెళ్ళాము. చలికి అమ్మ శాలువా కప్పుకుంది. జనం లేరు, గుర్రాలు లేవు. దూరంగా రెండు జట్లుగా మనుషులు నడుములు వంచి తాళ్ళు లాగుతున్నారు. అది అలివి వల. పడవలో వల ఒక కొసను లోపలికి తీసుకువెళ్ళి, అర్ధచంద్రాకారంగా దింపుతూ మళ్ళీ ఒడ్డుకు తెచ్చి, రెండు కొసలనూ రెండు జట్లు కలిసి లాగుతాయి. పిల్లలు ఊరుకోలేదు. మా వారు వెళ్ళి అడిగితే, ఒక పెద్దాయన తాడు చివర చోటు చూపించి, "బాబూ, తాడుకి బయటివైపే ఉండాల, లోపలికి రాకూడదు" అని రెండుసార్లు చెప్పించుకుని మరీ ఒప్పుకున్నాడు. తాడు తడిసి ముళ్ళ చెట్టులా గరుకుగా ఉంటుంది. లాగేవాళ్ళు కాళ్ళు వెనక్కి వేస్తూ వెళ్ళి, చివరివాడు తాడు వదిలి ముందుకు వచ్చి మళ్ళీ పట్టుకుంటాడు. అలా వరస తిరుగుతూనే ఉంటుంది. మావాళ్ళిద్దరూ దానిని ఆటగానే తీసుకున్నారు, వరస తప్పిన ప్రతిసారీ "అవుటు" అనుకున్నారు. వాళ్ళ పక్కన లాగుతున్న మనిషికి మాత్రం అది ఆ రోజు కూలి. ముప్పావు గంట లాగాక వచ్చిన వలలో ఎక్కువ భాగం నెత్తళ్ళనే చిన్న చేపలు, కొన్ని కవళ్ళు, చాలా నాచు. ఆ పంటకు అందరి ముఖాలూ వాడిపోయాయి. అయినా పెద్దాయన వెళ్ళేటప్పుడు చిన్నదాని దోసిట్లో గుప్పెడు నెత్తళ్ళు పోశాడు. డబ్బు ఇవ్వబోతే, "పనిచేసింది గదమ్మా" అన్నాడు. ఆ నెత్తళ్ళను మేమున్న చోట వంటావిడ కారం పట్టించి వేయించి పెట్టింది. నూనెకూ శ్రమకూ అరవై తీసుకుంది.

పొద్దెక్కాక ఓమనగుంటలు. నా జాబితాలో మొదటిది ఇదే. ఇంట్లో చెక్క పలక ఉండేది, ఇసుకలో ఆ అవసరం లేదు. పిడికిలి గుచ్చి తిప్పితే గుంట అవుతుంది. వరసకు ఏడు చొప్పున రెండు వరసలు, పద్నాలుగు గుంటలు, గుంటకు అయిదు చొప్పున డెబ్బయి గింజలు. చింతపిక్కలకు బదులు గుల్లలు ఏరమన్నాను. డెబ్బయి గుల్లలు ఏరడానికి గంట పట్టింది. అమ్మ వాటిలో పావు వంతు పారేసింది, పరిమాణం ఒకేలా లేకపోతే చూపుతో లెక్క కుదరదని. నిజానికి ఈ ఆటలో గెలుపంతా అక్కడే ఉంది. ఏ గుంట ఎత్తి పంచుకుంటూ పోతే గింజలు ఎక్కడ అయిపోతాయో, ఆ పక్క గుంట ఖాళీగా ఉండి దాని తరువాతి గుంట ఎంత పంట ఇస్తుందో, ముట్టుకోకుండానే కంటితో కొలవాలి. అమ్మ ముట్టుకోదు. నేను వేలితో తడిమి లెక్కపెడితే, "అలా గిల్లితే మా అమ్మమ్మ చేతి మీద కొట్టేది" అంది.

రెండో ఆట సగంలో ఉండగా చిన్నది కేక పెట్టింది. తన గుంటలో నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి, అన్న గుంటలో ఒకటి పెరిగింది. దొంగతనం, ప్రమాణాలు, కన్నీళ్ళు. పంచాయతీ చేయడానికి వంగి చూస్తే, పెద్దాడి గుంట అంచు మీద ఒక గుల్ల నిలబడి ఉంది. మేము చూస్తూ ఉండగానే అది ఇంకాస్త ముందుకు జరిగింది. లోపలి నుంచి ఎర్రటి సన్న కాళ్ళు నాలుగు బయటికి వచ్చాయి. ఖాళీ గుల్లల్లో కాపురముండే పీత అది. గింజలతో కలిపి దానిని కూడా ఏరాము. ఆట మరచిపోయి అయిదుగురమూ దాని వెంట మోకాళ్ళ మీద పాకాము. తరువాత చిన్నది అడిగిన ప్రశ్నకు మాత్రం ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము: గింజ దానంతట అది నడిచి వెళ్ళి అన్న గుంటలో పడితే అది అన్నదవుతుందా?

జనవరి 11, వాడరేవు

చీరాల చేరి అక్కడి నుంచి వాడరేవు వెళ్ళాము. ఓడరేవే జనం నోట వాడరేవు అయింది. సూర్యలంకలో విహారానికి వచ్చినవారే ఎక్కువ, ఇక్కడ పడవలదే రాజ్యం. ఫైబర్ పడవలు వరసగా ఒడ్డుకెక్కి ఉన్నాయి. చేప దిగగానే ఇసుక మీదే వేలం. పాట పాడే ఆయన అంకెలను ఎంత వేగంగా మింగేస్తాడంటే, మా వారు ఒక సావడాల చేపల గుట్ట పాట ముగియబోతోందని తెలియక తల ఊపి, దాదాపు దానికి యజమాని అయ్యారు. పక్కనున్న చేపలావిడ, "సారుకి ఈగ వాలింది, తలూపలా" అని కాపాడింది. కృతజ్ఞత కొద్దీ ఆవిడ దగ్గరే కిలోన్నర వంజరం తొమ్మిది వందలకు కొన్నాము. బేరం చేయడానికి నోరు రాలేదు. ముక్కలు కోయించి, మేము దిగిన ఇంటి వెనక పాకలో హోటలు నడుపుకునే దంపతులకు ఇస్తే సగం పులుసు, సగం వేపుడు చేసి, అన్నంతో కలిపి అయిదుగురికీ నాలుగు వందలు తీసుకున్నారు. పులుసులో మామిడికాయ లేని కాలం కాబట్టి చింతపండు చిక్కగా పిసికి, దించే ముందు మెంతిపిండి చల్లారు. వేడిగా తింటుంటే ఆవిడ వచ్చి, "ఇది రేపటికి బాగుంటది, ఇవాళ ఆగలేరు గదా" అని నవ్వింది. నిజమే, ఆగలేదు.

వారి అమ్మాయికి పదకొండేళ్ళు. సంక్రాంతి సెలవులు కనుక అమ్మకు సాయంగా గిన్నెలు కడుగుతోంది. కడగడం అయ్యాక మా అమ్మను "మామ్మా" అని పిలిచి, పిల్లలను "ఆడుకుందాం వత్తారా" అని అడిగింది. ఆమె తెచ్చిన వాటిని చూసి అమ్మ ముఖం వెలిగింది: ఒక వైపు నేల మీద రుద్ది అరగదీసిన చింతపిక్కలు నాలుగు. గవ్వలకు బదులు ఇవే. తెల్లవైపు నాలుగూ పైకి పడితే చమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. ఇసుకలో అయిదు గళ్ళు అడ్డం, అయిదు నిలువు గీసి, అష్టాచమ్మా మొదలుపెట్టారు. ఇసుక మీద పిక్కలు దొర్లవు, చతికిలబడతాయి. అందువల్ల ఆ అమ్మాయి ఒక పాత స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద వేయించింది. పిక్కలు పళ్ళెం మీద చేసే చప్పుడు విని పక్క పాకల నుంచి మరో నలుగురు పిల్లలు వచ్చారు. నేను ఇక ఆ చుట్టుపక్కల అవసరం లేకపోయాను. నా జాబితాను ఆ సాయంత్రం వేయించిన వేరుశనగల పొట్లం చుట్టడానికి వాడుకున్నాము.

మధ్యాహ్నం నడకలో ఒక పెద్ద తాబేలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చి కనిపించింది. ఈ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఒక్కొక్కటి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుతిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. పిల్లలు ముట్టుకోలేదు, మాట్లాడలేదు. ఆ తరువాత చిన్నది కట్టిన పిచ్చుక గూడు అన్నిటికన్నా పెద్దది. అది తాబేలు పిల్లలకట.

సాయంత్రం అమ్మ పులిజూదం పటం గీసింది. కొబ్బరి ఈనె పుల్లతో, తడబడకుండా, ఒక్క చెరుపు లేకుండా గీసింది: పైన శిఖరం, అక్కడి నుంచి కిందికి జారే గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు. మూడు పులులకు మూడు నల్ల రాళ్ళు, పదిహేను మేకలకు పదిహేను తెల్ల గుల్లలు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. వాళ్ళ ఊరి రచ్చబండ రాతి మీద ఈ పటం ఉలితో చెక్కి ఉండేదట. మధ్యాహ్నాలు మగవాళ్ళు ఆడేవారు. వాళ్ళ తాతకు చుట్టలూ అగ్గిపెట్టె ఇచ్చి రమ్మని పంపితే, ఇచ్చి కావాలనే ఆలస్యంగా వచ్చేదట. చూడటమే గాని ఆ రాతి మీద చెయ్యి వేసింది లేదు. ఆడపిల్లలకు ఓమనగుంటలు, అచ్చనగాయలు. పులులు మగవాళ్ళవి. అరవై ఏళ్ళ కిందట నిలబడి చూసిన ఆటను ఆవిడ మొదటిసారి కూర్చుని ఆడటం నేను ఆ రోజు వాడరేవులో చూశాను.

పులులు తీసుకోమని మనవడు మర్యాద చేశాడు. అమ్మ ఒప్పుకోలేదు. "పులిగా ఎవరైనా ఆడతారు, మేకలను కాసినవాడే ఆటగాడు అనేవాడు మా తాత" అని గుల్లలు తన వైపు లాక్కుంది. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి, అన్నీ దిగేదాకా కదలకూడదు. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా గెంతి తినేస్తుంది. మేకలు వెన్నుకు వెన్ను ఆనించి నిలిస్తే పులికి గెంతే చోటు ఉండదు. పెద్దాడు నాలుగు మేకలను తిని సంబరపడుతుండగానే అమ్మ మిగిలిన పదకొండింటితో మూడు పులులనూ మూలకు తోసి కట్టేసింది. ఆ తరువాత కాసేపు సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఏమైందని అడిగితే, ఇసుక చల్లగా ఉంది, శాలువా తెమ్మంది.

జనవరి 12, వేటపాలెం, మోటుపల్లి

చీరాలలో ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. నలభై రూపాయలకు నాలుగు. హోటలు యజమాని పిల్లల చేతుల్లో చింతపిక్కలు చూసి మాటల్లోకి దిగి, 1921లో చీరాల, పేరాల జనం పురపాలక పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్న కథ చెప్పాడు. పెద్దాడు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, అప్పుడు పిల్లలు ఏం ఆడుకున్నారని. యజమాని దానిని తేలికగా తీసుకోలేదు. చాలా సేపు ఆలోచించి, "పాకలు గదా బాబూ, కప్పెక్కి కోతికొమ్మచ్చి ఆడటానికి లేదు" అన్నాడు.

వేటపాలెంలో జీడిపప్పు కొనడానికి ఆగి, 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయానికి కూడా వెళ్ళాము. పాత పత్రికల బొత్తులు, పాత కాగితం వాసన, అన్నిటికన్నా పిల్లలను ఆకట్టుకున్నది అక్కడ భద్రపరిచిన గాంధీజీ ఊతకర్ర. చిన్నది చాలాసేపు చూసి, అది బిళ్ళంగోడు ఆడిన కర్రా అని నన్ను గుసగుసగా అడిగింది. నవ్వు ఆపుకుని బయటికి రావలసి వచ్చింది.

అక్కడి నుంచి మోటుపల్లికి వెళ్ళవలసింది, దారి తప్పి చినగంజాం ఉప్పు మడుల్లో తేలాము. ఫోను చూపిన దారి గట్టు మీద ఆగిపోయింది. రెండు వైపులా అద్దాల్లాంటి మడులు, అక్కడక్కడ తెల్లటి కుప్పలు. కారు వెనక్కి తిప్పే చోటు లేక, ఒక కూలీ ఆయన ముందు నడుస్తూ చెయ్యి ఊపుతుండగా మా వారు అర కిలోమీటరు వెనక్కి నడిపారు. ఆ అరగంటా పిల్లలు గట్టు మీద తొక్కుడు బిళ్ళ ఆడారు. బిళ్ళ ఉప్పు పెళ్ళ. ప్రతి ఆటకూ అది కొంచెం చిన్నదవుతూ వచ్చింది.

మోటుపల్లి ఇప్పుడు నిశ్శబ్దమైన ఊరు. ఒకప్పుడు కాకతీయుల రేవు. రుద్రమదేవి పాలనాకాలపు ఈ తీరాన్ని ముట్ఫిలి అన్న పేరుతో మార్కో పోలో వర్ణించాడు. అంతకు ముందే 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఇక్కడి వీరభద్రస్వామి ఆలయ స్తంభం మీద ఉంది. అక్కడ కలిసిన ఒక బడిపంతులుగారు పిల్లలకు అర్థమయ్యేలా దాని సారం చెప్పారు. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల మీది బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవారి సొమ్ము తాను ముట్టనని, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. చిన్నది "అయితే సముద్రం తెచ్చినా ఎవరిది వాళ్ళదేనా?" అని అడిగింది. "ఎవరిది వాళ్ళదేనమ్మా, రాజుగారి ఒట్టు" అన్నారాయన. దాని బుర్రలో ఏం తిరుగుతోందో అప్పుడు నాకు తెలియలేదు.

అమ్మ మాత్రం శాసనం కన్నా మండపం నేల రాళ్ళను ఎక్కువగా చూసింది. ఒక చోట వంగి, అరిగిపోయిన గీతలను వేలితో తడిమింది. పులిజూదమా, ఉలి దెబ్బలా, తేల్చుకోలేకపోయాము. అమ్మ తన తీర్పు తాను ఇచ్చుకుంది: "ఓడలు వచ్చేదాకా కూర్చునేవాళ్ళు ఏదో ఒకటి ఆడకుండా ఉంటారా."

జనవరి 13, వాడరేవు

చివరి ఉదయం. సామాను సర్దే బాధ్యత మా వారికి అప్పగించి, మిగిలినవారమంతా ఒడ్డుకు వెళ్ళాము. హోటలువాళ్ళ అమ్మాయి ముందే వచ్చి, రాత్రి మిగిలిన బొగ్గు ముక్కలు మూడు పులులకని తెచ్చింది. ఈసారి పులులు పెద్దాడివి, మేకలు చిన్నదానివి, పక్కన ఆ అమ్మాయి. అమ్మ మాట్లాడకుండా చూస్తానంది గాని, మాట్లాడకుండా ఉన్నది రెండు నిమిషాలే. మొదటి తగాదా గెంతు మీద. పులి ఒకే ఎత్తులో వరసగా రెండు మేకలను తినవచ్చని అమ్మ ఊరి నియమం. వాడరేవులో అలా కుదరదు, ఒక గెంతుకు ఒక్క మేకే. "మీ ఊళ్ళో పులులకి ఆకలెక్కువ మామ్మా" అంది ఆ అమ్మాయి. ఎవరి ఊళ్ళో ఆడితే ఆ ఊరి నియమమే అని అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోవడం ఆవిడకు ఎంత కష్టమో కూతురిగా నాకు తెలుసు.

ఆట బాగా నడిచింది. రెండు మేకలు పోయాయి, రెండు పులులు చిక్కుకున్నాయి, మూడోదానికి ఒక్కటే దారి మిగిలింది. చిన్నది నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ దారి మూసే మేకను ఎత్తి గాలిలో పట్టుకుని ఉంది. పోటు తిరిగిందని ఎవరమూ గమనించలేదు. ఒక అల మిగతావాటికన్నా నాలుగడుగులు ఎక్కువగా పైకి వచ్చి, పటం అడుగు గీత మీదుగా నురగ పరిచి వెనక్కి తగ్గింది. మేకలు మూడు దానితో పోయాయి. బొగ్గు పులి ఒకటి తేలుతూ వెళ్ళి, పెద్దాడు పట్టుకునేలోపు మునిగింది.

మూడు మేకలు చచ్చినట్టేనని, కనుక పులులదే గెలుపని పెద్దాడు. పులి తినలేదు గనుక చావలేదని ఆ అమ్మాయి. అప్పుడు చిన్నది, చేతిలోని గుల్లను ఇంకా గాలిలోనే పట్టుకుని, గణపతిదేవుడి పేరు ఎత్తింది. సముద్రం తీసుకుపోయినా తెచ్చినా ఎవరిది వాళ్ళదే, రాజుగారి ఒట్టు. పెద్దాడు ఒక్క క్షణం తడబడి, శాసనం తాను కూడా విన్నానని, అయితే సుంకం కట్టాలని అన్నాడు. ముప్పయ్యో వంతు.

ఆటో వచ్చి హారను కొడుతున్నా కదలకుండా, మూడు మేకల్లో ముప్పయ్యో వంతు అంటే మేకలో పదో వంతు అని లెక్క తేల్చారు. గుల్లలో పదో వంతు విరగ్గొట్టి ఇవ్వాలంటే ఎక్కడ విరగ్గొట్టాలి, ఏ గుల్ల, విరిగిన గుల్ల మేక అవుతుందా కాదా అన్నది తేలలేదు. ఇప్పుడు మా భోజనాల బల్ల అద్దం మీద సుద్దముక్కతో గీసిన అదే పటం ఉంది. ఆట ఆగిన చోటే పది మేకలున్నాయి, బొగ్గు లేక మూడో పులి స్థానంలో మిరియపు గింజ ఉంది. కంచాలు నేల మీద పెట్టుకుని తింటున్నాము.